మామయ్య చేసిన గంట

ఆ వీధిలో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. పెట్టినవాళ్లు పోయారు, పిలిచిన మొగుడూ పోయాడు. మిగిలినవాళ్లందరికీ ఆమె గంటలమ్మ. క్రిస్మస్ చెట్లకి వేలాడదీసే మట్టి బొమ్మలు, మట్టి గంటలు చేసే కార్ఖానా ఆమెది. కార్ఖానా అనగానే పెద్దగా ఊహించుకోకండి. ఇంటి వెనక రేకుల షెడ్డు, దాని పక్కన ఇటుకలతో కట్టిన బట్టీ, షెడ్డులో ఒక పొడుగాటి బల్ల. బల్లకి ఆ చివర రంగుల డబ్బాలు, ఈ చివర గంటలమ్మ కూర్చునే ముక్కాలి పీట. ఆ పీట మీద పొరపాటున ఇంకెవరైనా కూర్చున్నారో, వాళ్ల పని అయిపోయిందన్నమాటే.

నక్షత్రాలూ దేవదూతలూ గొర్రెపిల్లలూ అచ్చుల్లో ఒత్తి తీసే పని కొడుకుది. రంగులు వేసే పని కోడలిది. గంటలు మాత్రం గంటలమ్మే చేత్తో చేసేది. వాటిని కాల్చాక పరీక్ష చేసేది కూడా ఆమే. నక్షత్రం పగిలితే కంటికి కనిపిస్తుంది. గొర్రెపిల్ల చెవి విరిగితే చేతికి తగులుతుంది. గంట సంగతి అలా కాదు. బట్టీలో వెంట్రుకంత బీట పడినా పైకి నిక్షేపంలా ఉంటుంది. దాన్ని పట్టుకోవాలంటే చెవి కావాలి. గంటలమ్మ ఒక్కో గంటనీ తాడు పట్టుకుని చెవి దగ్గరికి ఎత్తి, కొయ్య గరిటె కాడతో చిన్నగా తట్టేది. ఠంగుమంటే బుట్టలోకి. టొక్కుమంటే బకెట్లోకి. బకెట్లో పడినవాటిని పొడిగొట్టి మళ్లీ కొత్తమట్టిలో కలపడమే. ఎంత అందంగా ఉన్నా సరే, పలకని గంటకి ఆమె దగ్గర క్షమ లేదు.

కోడలు ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఉత్సాహం కొద్దీ తనూ ఒక గంట తట్టి, బాగుందని బుట్టలో వేసింది. గంటలమ్మ దాన్ని తీసి మళ్లీ తట్టింది.

"ఇది గంట కాదమ్మాయ్, గిన్నె. ఆ చెవులు కమ్మలు తగిలించుకోడానికేనా, ఇంకేమైనా పనికొస్తాయా?"

ఆ మాటకి కోడలు బట్టీ వెనక్కి వెళ్లి ఏడ్చింది. తల్లి లేకుండా పెరిగిన పిల్ల, మాట పడటం అలవాటు లేదు. ఆ తర్వాత తెలిసింది, ఆ నోరు పని ముందు మాత్రమే అంత గరుకని. కూతురు చిట్టి కడుపులో ఉన్నప్పుడు కోడలికి ఏమీ సయించకపోతే, చేతికున్న మట్టి కడుక్కోవడం కూడా మర్చిపోయి వీపు రాస్తూ కూర్చున్నది ఈ అత్తగారే. కోడలి జాకెట్టు నిండా మట్టి వేళ్ల మరకలు. ఆ రోజు నుంచి కోడలికి అత్తగారి తిట్లు తిట్లలా వినపడలేదు.

అంత నోరున్న మనిషికీ ఒక భయం ఉండేది. ఆమె తల్లికి పెద్దతనంలో చెముడు వచ్చింది. మొదట్లో ఇంట్లోవాళ్లు గట్టిగా అరిచి చెప్పేవాళ్లు. తర్వాత అరవడం మానేశారు. ఆ తర్వాత మాట్లాడటమే మానేశారు. "మేమందరం పక్కనే ఉన్నాం. ఏం లాభం? మా అమ్మ పోయేదాకా గోడతోనే మాట్లాడుకుంది," అనేది గంటలమ్మ. "కాళ్లు పోయినా ఫరవాలేదు, కళ్లు పోయినా ఫరవాలేదు. నాకు మాత్రం ఆ గతి వద్దు." ఆ రోజుల్లోనే పెరట్లోంచి ఎవరైనా పిలిస్తే ఆమె ఒకసారి తిరిగేది, ఒకసారి తిరిగేది కాదు. తిరగనప్పుడు మాత్రం పిలిచినవాళ్లనే దులిపేసేది, నోట్లో గొణుక్కుంటే ఎవరికి వినపడుతుందని.

షెడ్డు కిటికీకి ఒక గంట వేలాడుతుండేది. అది మామయ్య, అంటే గంటలమ్మ మొగుడు, చేసింది. పెళ్లయిన కొత్తలో, కొత్త బట్టీలో మొదటిసారి కాల్చిన గంటల్లో అదొక్కటే బతికి బయటపడిందట. మామయ్య దాన్ని భార్య చెవి దగ్గర పెట్టి తట్టి, "ఇలా పలికితేనే మనది," అన్నాడట. ఆయన మాటల పొదుపరి. తర్వాతి జీవితమంతా అంతకంటే పెద్ద మాట అన్నట్టు ఎవరికీ జ్ఞాపకం లేదు. "మీ మామయ్య నాతో మాట్లాడింది తక్కువ. మాట్లాడిందంతా ఇందులోనే ఉంది," అని కోడలితో అనేది గంటలమ్మ.

ప్రతి ఏడూ క్రిస్మస్ పని మొదలయ్యే పొద్దున ఆమె ముందుగా ఆ గంటనే తట్టేది. కళ్లు మూసుకుని, ఆ మోత పూర్తిగా ఆగేదాకా వినేది. అదే ఆమెకి కొలత. ఆ మోతని చెవిలో పెట్టుకుని మిగతా గంటలకి తీర్పు చెప్పేది. మామయ్య ఉన్నప్పుడూ అంతే, పోయాకా అంతే. కాకపోతే ఆయన పోయాక, మోత ఆగిపోయిన తర్వాత కూడా కాసేపు కళ్లు తెరిచేది కాదు.

ఆ గంట కోడలి చేతిలో పగిలింది.

పని మొదలయ్యే ముందు షెడ్డంతా కడిగి తుడవడం మామూలే. బట్టీ పొగకి నల్లబడిపోయిందని కోడలు ఆ గంటని దించింది. చేతికి సబ్బు నురగ ఉంది. జారి బల్ల అంచుకి తగిలింది. అంచు దగ్గర నెలవంకలాంటి ముక్క ఊడిపోయింది, అక్కడి నుంచి పైదాకా బీట పాకింది. గంటలమ్మ ఇంట్లో చిట్టికి నీళ్లు పోస్తోంది. కోడలు ఆ ముక్క పట్టుకుని మొగుడి దగ్గరికి పరిగెత్తింది.

అతను దాన్ని తిప్పి చూశాడు. "అతికించు," అన్నాడు. "అమ్మకి ఇప్పుడు చెప్పావంటే నాన్న మళ్లీ పోయినట్టుంటుంది."

"రేపు తడతారు కదండీ. తెలిసిపోదూ?"

"తెలిస్తే అప్పుడే చూద్దాం."

అతుకుపెట్టిన గంట పలకదని గంటలు చేసే ఇంట్లో మొగుడూ పెళ్లాలకి తెలియదా? తెలుసు. ఎలాగూ దొరికిపోతానని, దొరికితే కాళ్ల మీద పడదామని కోడలు సిద్ధపడే ఉంది. అయినా చేతులు ఊరుకోలేదు. జిగురుతో అతికించింది. బీటలోకి సన్నగా మట్టిపిండిని దట్టించి, ఆరాక గరుకు కాగితంతో నున్నగా రుద్దింది. ఎరుపులో గోధుమరంగు, దానిలో చిటికెడు బూడిద కలిపి, కాలిన పాతమట్టి రంగు పట్టుకుని పైన పూసింది. రంగులు కలపడంలో ఆమెని మించినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. గంట లోపలివైపు మాత్రం రంగు వేయలేదు. అక్కడ ఎవరు చూస్తారు? చివరికి తనే ఎత్తి చూసుకుంటే అతుకు ఎక్కడుందో తనకే కనపడలేదు. ఆమె చేతిపని ఆ ఒక్కరోజు అంత బాగా కుదరకపోతే ఎంత బాగుండేది.

మర్నాడు పొద్దున గంటలమ్మ ముక్కాలి పీట మీద కూర్చుంది. కిటికీ వైపు చేయి చాచి మామయ్య గంటని తట్టింది.

టొక్కుమంది.

ఆమె కళ్లు తెరిచింది. మళ్లీ తట్టింది. చిటికెనవేలు చెవిలో తిప్పుకుని, రెండో చెవి దగ్గర పెట్టి మళ్లీ తట్టింది. గంటని వెలుతురులోకి తిప్పి చుట్టూ చూసింది. బల్లకి అటు చివర కోడలు కుంచె పట్టుకుని నిలబడింది. ఇప్పుడు అడుగుతారు, ఇప్పుడు తిడతారు అనుకుంటోంది.

గంటలమ్మ గంటని మెల్లగా మళ్లీ కొక్కానికి తగిలించింది. చేతిలో గరిటె బల్ల మీద పెట్టింది. పీట మీంచి లేచింది.

"అమ్మాయ్, ఇక నుంచి దీని మీద నువ్వు కూర్చో. నాకు నడుము పట్టేస్తోంది."

కోడలికి వెంటనే కలిగింది సంతోషమే, దాచడం ఎందుకు? గండం గడిచిందనుకుంది. గంట పట్టుబడలేదు, అత్తగారు బాధపడలేదు, నడుము నొప్పికి తైలం రాస్తే సరిపోతుంది. ఆ సంతోషం కొన్నాళ్లు నిలిచింది.

దాన్ని పోగొట్టింది చిట్టి. చిట్టికి అప్పుడప్పుడే మాటలు వస్తున్నాయి. ఎవరు నేర్పారో ఏమో, నక్షత్రం మీద ఒక పాట పట్టుకుంది. సగం మాటలకి నోరు తిరిగేది కాదు, నత్తినత్తిగా పాడేది. మట్టి ముద్దలు తొక్కుకుంటూ వచ్చి నానమ్మ మోకాలు పట్టుకుంది.

"నానమ్మా, పాత పాదనా?"

గంటలమ్మ పిల్ల తల నిమిరింది. "నాకు వినపడదు తల్లీ. మీ అమ్మకి పాడు."

కోడలి చేతిలో కుంచె ఆగిపోయింది. పిల్ల అడిగింది విని, దానికి జవాబిచ్చి, వినపడదని చెబుతున్న మనిషిని తెల్లబోయి చూసింది. అప్పుడు అర్థమైంది. అత్తగారికి గంట మీద అనుమానం రాలేదు. మొగుడి గంట అబద్ధం పలుకుతుందని ఆమె ఊహకి కూడా అందలేదు. గంట మంచిదైతే చెవే చెడింది. ఇన్నాళ్లూ భయపడుతున్నది రానే వచ్చింది. ఆమె లెక్క అది. పీట వదిలింది నడుము కోసం కాదు.

ఆ తర్వాత ఒక సంగతి జరిగింది. కోడలు పీట మీద కూర్చుని గంటలు తడుతోంది. గంటలమ్మ బల్లకి అటు చివర కూర్చుని తాళ్లు ఎక్కిస్తోంది. కోడలు ఒక గంట తట్టి బుట్టలో వేసింది. గంటలమ్మ చటుక్కున తల ఎత్తింది. ఏదో అనబోయింది. నోరు తెరుచుకుంది కూడా. అంతలోనే మూసుకుని తల వంచుకుని మళ్లీ తాడు పట్టుకుంది. కోడలు ఆ గంటని తిరిగి తీసి చెవికి ఆనించి తట్టింది. మోత చివర సన్నగా విరిగింది. అది బకెట్లోకి పోవాల్సిన గంట. బల్లకి ఇటు చివర తను పట్టుకోలేనిది, అటు చివర ఉన్న ఆమె పట్టుకుంది. పట్టుకుని కూడా తన చెవిని తనే నమ్మలేదు.

చెప్పెయ్యాల్సింది అప్పుడే. కోడలు లేచింది కూడా. "అత్తయ్యా," అంది దగ్గరికి వెళ్లి. 

గంటలమ్మ తాడు కొస నోట్లో పెట్టుకుని తడుపుతూ, కిటికీకి వేలాడుతున్న గంట వైపు చూస్తోంది. "అదక్కడ ఉంటే చాలమ్మాయ్," అంది. "నాకు వినపడకపోయినా, మీ మామయ్య గొంతు అందులో పదిలంగా ఉందిగా. నాకదే కొండంత."

కోడలు వెనక్కి వచ్చి పీట మీద కూర్చుంది. చెప్పి ఆయన గొంతుని తీసెయ్యాలా? చెప్పకుండా ఈవిడ చెవులు తీసెయ్యాలా? మొగుడితో అంటే, "పని ఒత్తిడిలో ఎందుకు, పండగ అయ్యాక నిదానంగా చెబుదాం," అన్నాడు. పండగ అయ్యాక చలికి గంటలమ్మకి జ్వరం వచ్చింది. జ్వరం తగ్గాక వర్షాలు. వర్షాల్లో బట్టీ బాగుచేసే పని. ఏడాది తిరిగి మళ్లీ క్రిస్మస్ పని నెత్తిమీదికి వచ్చింది. నిదానంగా చెప్పే రోజు ఏ వారంలోనూ రాలేదు. కొడుక్కి అది ఎంతో కాలం మనసులో నిలవలేదు. అమ్మకి ఎలాగూ కాస్త విశ్రాంతి దొరికిందిలే అనుకున్నాడు. కోడలు మాత్రం కడుపులో నిప్పు పెట్టుకుని తిరిగింది.

డాక్టరు దగ్గరికి వెళ్దామంటే గంటలమ్మ ససేమిరా అంది. మా అమ్మని చూపించలేదా, ఏం ఒరిగింది అంది. ఇంట్లో అందరూ ఆమెతో గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టారు. గట్టిగా మాట్లాడటం ఎవరికైనా ఎన్నాళ్లు సాగుతుంది? వీధిలోవాళ్లు గేటు దగ్గర నుంచే చేతులు ఊపి వెళ్లిపోయేవాళ్లు. చిట్టి మరికొన్నిసార్లు పాట పట్టుకుని వచ్చి, మరికొన్నిసార్లు "మీ అమ్మకి పాడు తల్లీ" అనిపించుకుని, రావడం మానేసింది. పసిపిల్లలకి పట్టుదల ఎక్కువేగానీ, అదీ ఒక హద్దు వరకే.

అలా ఉండగా ఉండగా, గంటలమ్మకి నిజంగానే వినపడటం మానేసింది. ఎప్పుడు మానేసిందో ఎవరికీ తెలియదు. ముందే వినపడదనుకున్న మనిషికి, వినపడకుండా పోయిన రోజు ఎలా తెలుస్తుంది? చివరికి బలవంతాన డాక్టరుకి చూపించి చెవికి మిషన్ కొన్నారు. అందులో గోల తప్ప మాట లేదని తీసి సొరుగులో పడేసింది. వయసుకి అది వచ్చేదే అంటాడు కొడుకు. కావచ్చు. వచ్చేదే అయ్యుండొచ్చు. కానీ అది వచ్చేలోపు ఆమెకి మిగిలి ఉన్న వినికిడి ఎవరి పాలయింది? ఆ మాట కోడలు మొగుణ్ని అడగలేదు. తనని తనే అడుక్కునేది.

ఈ ఏడు మళ్లీ పని మొదలైంది. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి బల్ల మీద పడుతోంది. కోడలు కొత్త నక్షత్రాలకి తెల్లరంగు వేస్తోంది. షెడ్డులో ఎవరో మాట్లాడుతున్నట్టు వినపడితే తల ఎత్తింది. గంటలమ్మ. కిటికీ వైపు తిరిగి కూర్చుని, మామయ్య గంటని మెత్తటి గుడ్డతో పైపైన తుడుస్తూ, చిన్న గొంతుతో ఏదో చెప్పుకుంటోంది. ఈ ఏడు మట్టి బాగా కుదిరిందట. చిట్టి తనంత ఎత్తు అవుతోందట. కోడలు గుర్తు చేసుకుంది. పొద్దుట్నించి ఈ మనిషితో తను ఒక్క మాట మాట్లాడలేదు. నిన్నా మాట్లాడిన గుర్తు లేదు. టీ గ్లాసు పక్కన పెట్టింది, గ్లాసు తీసింది. ఆవిడ తల్లికి జరిగిందే ఆవిడకీ జరిగింది. అందరూ పక్కనే ఉన్నారు.

కోడలు కుంచె పడేసి వచ్చి, అత్తగారి కాళ్ల దగ్గర నేల మీద కూర్చుంది. మొత్తం చెప్పింది. సబ్బు నురగ, జారడం, జిగురు, బూడిద కలిపిన రంగు, అన్నీ. చెబుతూ ఏడ్చింది. ఎన్ని క్రిస్మస్‌లుగా గొంతులో అడ్డం పడి ఉందో అదంతా బయటికి వచ్చింది.

గంటలమ్మ ఆమె పెదాల వైపే చూసింది. చూసి, తల నిమిరి, "కంగారుపడకు. బట్టీ ఇంకా వేడిగానే ఉంది. రేపు తీద్దాం," అంది.

కోడలు అత్తగారి చేతిని రెండు చేతులతో పట్టుకుంది. చూపుడువేలుని గంట లోపలికి తీసుకెళ్లి, అంచు దగ్గర, తను రంగు వేయని చోట ఆనించింది.

వేలు ఆగింది. గట్టిపడిన జిగురు మీదుగా గోరు మెల్లగా పైకి వెళ్లింది, మళ్లీ కిందికి వచ్చింది. నెలవంక ముక్క చుట్టూ తిరిగింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి మట్టిలో ఉన్న వేలికి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. గంటలమ్మ మొహంలో రంగు మారింది.

"ఎప్పుడు?" అంది.

కోడలు చేతిని నేలకి మూరెడెత్తున, తర్వాత ఇంకాస్త పైన పెట్టి చూపించింది. చిట్టి అంత ఉన్నప్పుడు.

గంటలమ్మ చాలాసేపు ఆ చేతినే చూసింది. తర్వాత గంటని కొక్కెం నుంచి తీసింది. తాడు పట్టుకుని కోడలి చెవి దగ్గరికి ఎత్తి, గరిటె కాడతో తట్టింది.

"ఎలా పలికింది?"

కోడలు తల అడ్డంగా ఊపింది.

"టొక్కుమందా?"

"ఆ," అని తల ఊపింది కోడలు.

"నాకూ ఆ రోజు అలాగే వినపడింది," అంది గంటలమ్మ.

తిట్టి ఉంటే బాగుండేది. ఆ కొయ్య గరిటెతో రెండు వేసినా బాగుండేది. ఆమె మాత్రం గంటని ఒడిలో పెట్టుకుని, ఆ రోజుల్లో తన చెవిన పడి తను నమ్మనివన్నీ వెతుక్కుంటున్నట్టు కూర్చుంది. కోడలు ఆమె మోకాలికి నుదురు ఆనించి అలాగే ఉండిపోయింది.

స్కూలు నుంచి చిట్టి వచ్చింది. జడలు వదులైపోయి, సంచీ ఒక భుజానికి వేలాడేసుకుని, షెడ్డు గుమ్మంలో నిలబడి ఇద్దర్నీ వింతగా చూసింది. గంటలమ్మ చేయి ఊపి దగ్గరికి పిలిచింది.

"ఒక పాట పాడతానని వచ్చేదానివి చూడు నా దగ్గరికి. అది పాడు."

చిట్టి తల్లి వైపు చూసింది. "ఏ పాటమ్మా?"

"నక్షత్రం పాట. నీ చిన్నప్పటిది."

చిట్టికి సగమే గుర్తుంది. సంచీ కింద పెట్టి, స్కూల్లో ప్రార్థనకి నిలబడినట్టు చేతులు కట్టుకుని, గుర్తున్నంత వరకు పాడింది. గొంతు గట్టిగా, స్పష్టంగా ఉంది. ఒక్క మాటా తడబడలేదు. కోడలు కళ్లు మూసుకుని ఆ పాత గొంతుని తలుచుకోబోయింది. ఎలా ఉండేదో తనకీ సరిగ్గా అందలేదు. గంటలమ్మ పిల్ల పెదాలు కదులుతున్నంతసేపూ చూస్తూనే ఉంది. పాట ఆగాక కోడలి వైపు తిరిగింది.

"ఇంకా అలాగే నత్తినత్తిగా పాడుతోందా అమ్మాయ్?"

కోడలు కూతురి వైపు చూసింది. అత్తగారి ఒళ్లోని గంట వైపు చూసింది.

"అలాగే పాడుతోంది అత్తయ్యా," అని, ఆమెకి కనపడేలా తల ఊపింది.